వంక దాటే బండి

ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తారు, సుళ్లు చూస్తారు, నాలుగడుగులు నడిపించి గిట్టలు ఎలా పడుతున్నాయో చూస్తారు. తువాలు కింద వేళ్లు పట్టుకుని బేరం చేస్తారు. ఈ విద్య మా నాయనకు బాగా తెలుసు. రెండు పళ్ల కోడెను ఆరు పళ్లదని అంటగట్టడానికి వచ్చినవాడిని ఆయన సంతలోనే నిలబెట్టి కడిగేసిన రోజులు నాకు గుర్తున్నాయి. కానీ పళ్లు లేని జీపును, అందులోనూ పాతికేళ్ల పాత జీపును ఎలా కొనాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. 2022 ఎండాకాలంలో రెండు నెలలు తిరిగి నేర్చుకున్నాను. మనవాళ్లలో కొండవార చేలున్నవాళ్లు ఇంకా కొందరున్నారు గనక, ఆ తిరుగుడు ఇక్కడ చెబితే ఎవరికైనా అక్కరకొస్తుందని రాస్తున్నాను.

మాది డెంకణికోటకు దక్షిణంగా, అంచెట్టి అడవి వైపు. మా ఊరు ఉన్నచోటనే ఉంది. జిల్లా మాత్రం సేలం నుంచి 1965లో ధర్మపురికి, ధర్మపురి నుంచి 2004లో కృష్ణగిరికి మారింది. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం, బెంగళూరు పోతే కన్నడం. తారురోడ్డు ఊరిదాకా వస్తుంది. అక్కడినుంచి మా చేనుకు రెండున్నర కిలోమీటర్లు బండిబాట. మధ్యలో ఒక వంక, వంక దాటితే ఎర్రమట్టి మిట్ట, మిట్టమీద ఆరెకరాలు. రాగులు, అనపకాయలు, బావి కింద టమాటా. ఎద్దులున్నంత కాలం ఆ బాట బాటలాగానే కనిపించేది. 2016లో నాయన చివరి జత అమ్మేశాడు. మేపేవాళ్లు లేరు, ఆయన మోకాళ్లు లేవడం లేదు. ఆ ఏటినుంచి అదే బాట గోడలాగా మారింది.

2021 నవంబరు వానలు అందరికీ గుర్తుండే ఉంటాయి. ఆ నెలలో టమాటా కిలో నూరు దాటింది. రాయకోట మండీకి ఎవడు పది బుట్టలు తెచ్చినా వాడు రాజు. మా మిట్టమీద టమాటా ఎర్రగా పండి ఉంది. వంకలో నీళ్లు మోకాలి లోతే. కానీ దాటాక ఏటవాలుగా ఉన్న మట్టి సబ్బులా జారుతోంది. బాడుగ ట్రాక్టరువాడు ఒకసారి వచ్చి, చక్రం ఇరుసుదాకా దిగబడి, సాయంత్రందాకా తంటాలు పడి, మళ్లీ రానని చెప్పి పోయాడు. తలమీద మోసి ఎన్ని బుట్టలు తేగలం? నేనూ మా ఇంటామే, ఇద్దరు కూలీలూ కలిసి తెచ్చింది తెచ్చాం. తక్కినదంతా తీగకే కుళ్లింది.

బెంగళూరులో ఉండే మా అన్న సంక్రాంతికి వచ్చినప్పుడు మెత్తగానే అడిగాడు. "బాట లేని చేను పెట్టుకుని ఏం చేస్తారు? పక్కవాళ్లు అమ్ముతున్నారు, మనమూ కలిపి ఇస్తే మంచి రేటు వస్తుంది." అన్నది అబద్ధమేమీ కాదు. హోసూరు పెరిగి పెరిగి మా వైపు వస్తోంది, ఎకరా ధర వింటే నిద్ర పట్టదు. నాయన చాలాసేపు ఊరకే ఉండి, "ఒక ఏడాది చూద్దాంరా. బాట లేకపోతే బాట దాటే బండి కావల్ల గాని, చేను అమ్మల్లనా?" అన్నాడు. అన్న సరేనన్నాడు. ఏడాది గడువు అట్లా పడింది.

ముందు నేను ఫోర్ వీల్ డ్రైవ్ అనే మాటే ఎత్తలేదు. చిన్న ట్రక్కు ఆటో చూశాను. తారుమీద మేలైన బండి, మా వంకలో దానికి గతి లేదు. సొంత ట్రాక్టరుకు ట్రెయిలరూ కలిస్తే మా ఆరెకరాలు మోయలేని అప్పు. మోటారు సైకిలుమీద రెండు బుట్టలు వస్తాయి, అదీ ఎండలో. ఇంకొకటీ ఉంది. బయటికి పెద్దగా చెప్పుకోలేదు గాని, నాయన ఏడాదిగా చేను చూడలేదు. ఆయన్ను ముందర కూచోబెట్టుకుని మిట్ట ఎక్కగలిగేది ఏదో అది కావాలని నాకు లోపల ఉంది. ట్రాక్టరు మడ్‌గార్డుమీద ఎనబైకి దగ్గరపడిన మనిషిని కూచోబెట్టలేం కదా.

నాలుగు చక్రాలకూ శక్తి పోవడమంటే ఏమిటో తెలియకుండా ఈ బళ్లు కొనగూడదు. మామూలు బండిలో ఇంజను శక్తి వెనక ఇరుసుకో ముందు ఇరుసుకో పోతుంది. ఆ ఇరుసు నడుమ మేస్త్రీలు క్రౌను అనే పళ్లపెట్టె ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ, లోపలిది తక్కువ తిరగాలి గనక ఆ వెసులుబాటు అందులో పెట్టారు. తారుమీద అది వరం, బురదలో శాపం. జారే చక్రానికే తిరుగుడంతా పోతుంది, గట్టినేల మీదున్న చక్రం చేతులు కట్టుకుని చూస్తుంటుంది. ముందు ఇరుసుకు కూడా శక్తి పంపితే వెనక జారినా ముందు చక్రం లాగుతుంది. దానికోసం గేరుపెట్టె వెనక ఇంకొక పెట్టె, దానికొక చిన్న లివరు. లివరును ఒకవైపు పెడితే రెండు చక్రాలు, ఇంకోవైపు పెడితే నాలుగు, ఇంకా లాగితే నాలుగు చక్రాలూ నిదానంగా, బలంగా తిరిగే 'లో'. మాబోటివాళ్లకు అసలు పనికొచ్చేది ఈ 'లో'నే. బరువుతో మిట్ట దిగేటప్పుడు బ్రేకు తొక్కే పని లేకుండా బండి నడిచే ఎద్దులా దిగుతుంది. ఈ రకం బండిని ఎండిన తారుమీద నాలుగు చక్రాల్లో నడపగూడదు. ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకదానితో ఒకటి పెనుగులాడి పళ్లు అరిగిపోతాయి.

ముందు చక్రాల నడుమ కొన్ని బళ్లకు చేత్తో తిప్పే బిళ్ల ఉంటుంది. దాన్ని బిగిస్తే తప్ప ముందు ఇరుసు చక్రాన్ని పట్టుకోదు. వాటిని అందరూ హబ్బులంటారు. నేను నాయనకు చూపిస్తే "కుండ" అన్నాడు. నిజమే, ఎద్దుల బండి చక్రానికి నడుమ ఉండేది కుండే. ఆకులు, పూటీలు, కుండ, ఇరుసు, చీల. ఈ మాటలన్నీ మా ఇంట్లో ఇంకా బతికే ఉన్నాయి, వాటికి చేసే పనే లేకుండా పోయింది. నేనిప్పుడు మా మెకానిక్కు దగ్గర కూడా కుండ అనే అంటున్నాను. ఆయన ఉర్దూ ఇంటివాడు, నవ్వి ఊరుకుంటాడు.

మన దేశంలో పాత చిన్న ఫోర్ వీల్ బండి అంటే చెప్పుకోదగ్గవి రెండు వంశాలు. ఒకటి మహీంద్రా జీపు. 1947లో అమెరికా విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడంతో మొదలైన వంశం అది. మా చిన్నప్పుడు జీపు అంటే సర్కారు. ఊళ్లోకి జీపు వచ్చిందంటే ఓట్లవాళ్లో, కుటుంబ నియంత్రణవాళ్లో, అడవిశాఖవాళ్లో. మగాళ్లు సగంమంది చేలగట్లకు పరుగు. ఆ వంశంలో 540 అనే పొట్టి జీపుకు ఫ్రాన్సు ప్యూజో వారి 2.1 లీటర్ల డీజిలు ఇంజను ఉండేది. డీజిలు ఖర్చు తక్కువ, లాగుడు గట్టిది, ఏ ఊళ్లో ఆగిపోయినా రిపేరు చేసేవాడు దొరుకుతాడు. బరువు మాత్రం ఎక్కువ, స్టీరింగు తిప్పడానికి భుజబలం కావాలి. 2010లో వచ్చిన థార్ మంచిదే. పాతదైనా దాని ధర మాకు అందలేదు.

రెండో వంశం మారుతి జిప్సీ. 1985 డిసెంబరులో వచ్చింది, జపాను సుజుకీవారి చిన్న జీపుకు పొడుగు రూపం. మొదట 970 సీసీ పెట్రోలు ఇంజను, నాలుగు గేర్లు. 1996లో 1300 సీసీ దాకా పెరిగి జిప్సీ కింగ్ అయింది, 2000లో కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చి 80 గుర్రాల బలమైంది. 2019కల్లా తయారీ ఆగింది. ఇందులో సుఖం లేదు. కమాను కట్టలు ఎద్దుల బండిని మరిపిస్తాయి, వెనక కూచున్నవాడి నడుం దేవుడికే ఎరుక. పెట్రోలు తాగుతుంది. కానీ బరువు టన్నుకు అటూ ఇటూ. ఈ ఒక్క సంగతే నన్ను పట్టుకుంది. బురదలో బలం కన్నా తేలికదనం పనికొస్తుంది. దిగబడినా నలుగురు కలిసి తోస్తే బయట పడుతుంది. మా ఊళ్లో పిలిస్తే వచ్చేవాళ్లు ఇప్పుడు నలుగురే.

అయినా మొదట జీపే చూశాను. కుప్పం వైపు ఒకటి ఉందంటే నాయననూ వెంటబెట్టుకుని బస్సులో పోయాను. చిత్తూరు జిల్లా పాత నంబరు, ఏపీ 03. ఓనరు తెలుగు మాది మాదిరే ఉంది, కాఫీ ఇచ్చాడు, రంగు కొత్తగా మెరుస్తోంది. ఫోర్ వీల్ లివరు గట్టిగా పడుతోంది. కిందికి వంగి చూస్తే, గేరుపెట్టెనుంచి ముందు ఇరుసుకు పోవలసిన షాఫ్టే లేదు. మైలేజీ కోసమని ఎప్పుడో విప్పేశారట, ఎక్కడ పెట్టారో ఆయనకు తెలియదు. లివరు ఉంది, దానికి అవతల ఏమీ లేదు. బస్సెక్కాక నాయన అన్నాడు: "కాడికి ఒక ఎద్దునే కట్టి, జత బండి అని అమ్ముతున్నాడే!" పాత జీపుల్లో ఇది అరుదేమీ కాదు. ఎవరు ఏం చెప్పినా కిందికి దూరి ముందు షాఫ్టు ఉందో లేదో కళ్లతో చూడవలసిందే.

బెంగళూరులో జిప్సీలకు కొదవలేదు. కానీ అక్కడ వాటిని కొండలెక్కే ఆటకు పెట్టుకున్న కుర్రాళ్లు ఎక్కువ. బండిని జానెడు ఎత్తు లేపి, ట్రాక్టరు టైర్లంత టైర్లు తొడిగి, నెత్తిన నాలుగు లైట్లు. చూడ ముచ్చటగా ఉంటాయి. నా లెక్కలో అలాంటిది చేనుకు వద్దు. పెద్ద టైర్లు మోసి మోసి లోపలి షాఫ్టులు అలసిపోయి ఉంటాయి, ఎత్తు లేపినందువల్ల బుట్టలు ఎక్కించడానికి నిచ్చెన కావాలి. మిలిటరీ వేలంలో వదిలేసిన జిప్సీలు అమ్మే చోటొకటి చూశాను. ఇనుము గట్టిదే, కానీ పేరుకు ఆర్‌సీ పుట్టించేదాకా అది బండి కాదు, ఇనుమే. దిల్లీ నంబరు బళ్లు ఇంకా చవక. పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు అక్కడ తిరగగూడదన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించిన తర్వాత చాలా బళ్లు దక్షిణానికి దిగాయి.

ఇక్కడ మనబోటి సరిహద్దువాళ్లకు ఒక చిక్కుంది, కొంచెం వివరంగా చెబుతాను. మా ఇంటినుంచి కర్ణాటక ఎంతో దూరం లేదు. బంధువులు అటూ, చేలు ఇటూ. కేఏ నంబరు బండి చవగ్గా వస్తే కొనుక్కుని అలాగే తిప్పుకుంటే ఏమవుతుందని అందరూ అంటారు. 1988 మోటారు వాహనాల చట్టంలో 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రపు బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆఫీసునుంచి 28వ నమూనా నిరభ్యంతర పత్రం తేవాలి, కొత్త రాష్ట్రంలో టాక్సు మళ్లీ కట్టాలి. చవక అనుకున్నదంతా అక్కడ కరిగిపోతుంది. అదే రాష్ట్రపు బండి అయితే 29, 30 నమూనాలతో పేరు మారుతుంది. పాత అప్పేదైనా ఉంటే బ్యాంకు చీటీ, 35వ నమూనా అడిగి తీసుకోవాలి. భాషను బట్టి గీసిన గీతలు మనుషులకే కాదు, బళ్లకూ తగులుతాయి. అందుకని టీఎన్ నంబరు బండే చూడాలని తీర్మానించుకున్నాను.

చివరికి దొరికింది ఏర్కాడు కొండమీద, ఒక కాఫీ తోటలో. 2003 జిప్సీ కింగ్, గుడ్డ టాపు. పందేల్లో తిరగలేదు, ఊళ్లో షోకుకు తిరగలేదు; తోటలో ఎరువూ మనుషులనూ మోసింది. ఓనరు పెద్దమనిషి, అరవంలో మర్యాదగా మాట్లాడాడు. మూడు లక్షల ముప్పై అన్నాడు. బండి చూపించడానికి పాత డ్రైవరును పిలిచాడు. నేను మా మెకానిక్కుతో ఫోనులో ఉర్దూ, అరవం కలగలిపి మాట్లాడుతూ నడుమ నాయనతో తెలుగులో ఒక మాట అన్నాను. డ్రైవరు తలెత్తాడు. "మీది యా ఊరు సామీ? మనోళ్ల మాదిరుండారే." సేలం పక్కన పల్లె ఆయనది, ఇంట్లో తెలుగే. ఆ తర్వాత ధరేమీ తగ్గలేదు, అది ఆయన చేతిలోదీ కాదు. కానీ బండి కింద పడుకుని నాకు అన్నీ తెలుగులో చూపించాడు. "రెండో గేరు పొద్దున చలిలో గరగరంటాది, వేడెక్కితే సరిపోతాది. ఫోర్ వీల్ పెట్టె కింద రబ్బర్లు పోయినాయి, మార్చల్ల. ఎడమ తలుపు కింద తుప్పు. ఇవి మూడూ చెప్పి బేరం చెయ్యి సామీ."

ఆయన చూపించిందీ, అంతకుముందు నేను తిరిగి నేర్చుకున్నదీ కలిపి చెబుతాను. బండిని తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. మనం పోయేసరికే వేడెక్కించి ఉంచితే అనుమానించాలి. స్టార్టు చేశాక నీలం పొగ నిలకడగా వస్తుంటే ఇంజను ఆయిలు తాగుతోందని అర్థం. ఇంజనుకన్నా ముఖ్యం చాసిస్. ఇంజను విప్పి బాగుచేసుకోవచ్చు, కుళ్లిన చాసిస్‌ను ఎవడూ బాగుచెయ్యలేడు. చిన్న సుత్తితో పొడుగునా తట్టుకుంటూ పోవాలి. ఖంగుమంటే మంచిది, బొద్దుగా పలికితే లోపల తుప్పు. కమాను కట్టలు చాసిస్‌కు పట్టే చోట్లు, కాళ్ల కింద పరిచిన మ్యాటు అడుగు ముఖ్యంగా చూడాలి. సముద్రం పక్క ఊళ్లలో తిరిగిన బండి అయితే ఇంకా జాగ్రత్త. కొత్తగా పూసిన నల్లరంగు కింద ఏదో దాగుందని అనుకోవడమే క్షేమం. ముందు చక్రం వెనక ఇరుసు చివర గుండు మాదిరి ఒకటుంటుంది, అది ఆయిలుతో తడిసి ఉంటే సీళ్లు పోయినట్టు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కడకడలాడగూడదు. షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే జాయింట్లలో ఆట ఎంత ఉందో తెలుస్తుంది. నాలుగు టైర్లూ ఒకే కొలత ఉండాలి; ఫోర్ వీల్ బండికి అది అందం కోసం కాదు, పళ్లపెట్టె బతకడానికి. మెత్తటి నేలమీద 'లో' వేసి గట్టిగా మలిపితే బండి బిగుసుకున్నట్టు మొరాయించాలి. అలా మొరాయిస్తేనే ముందు చక్రాలు పనిచేస్తున్నట్టు లెక్క. చివరిగా చాసిస్ నంబరుమీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది, ఆర్‌సీలో నంబరుతో పోల్చుకోవాలి. సుళ్లు చూడడం అంటే ఇదే అనుకోండి.

నాయన ఇవన్నీ ఒక రాయిమీద కూచుని చూశాడు. అంతా అయ్యాక లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నడిపించు" అన్నాడు. తోట బాటలో యాభై గజాలు పోయి వచ్చాను. చక్రాలు నేలమీద ఎలా పడుతున్నాయో చూస్తున్నాడని నాకు అర్థమైంది. రెండు లక్షల తొంభై వేలకు తెగింది. మా ఇంటామె గాజులు కుదువపెట్టింది. అది తర్వాత అనపకాయల డబ్బుతో విడిపించాం.

ఆ జూన్‌లో మొదటిసారి నాయనను ఎక్కించుకుని వంక దాటించాను. దాటి మిట్ట మొదట్లో 'లో' వేశాను. ఎక్కేటప్పుడు ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ముందర కంబిని మాత్రం రెండు చేతులా పట్టుకున్నాడు. దిగాక చేను చుట్టూ తిరగలేక గట్టుమీద కూచుని, ఏ కయ్యలో ఏమి వెయ్యాలో నాకు గంటసేపు చెప్పాడు. సగం నాకు తెలిసినవే. విన్నాను.

టమాటా ధర మళ్లీ 2021లాగా మా కోసం కాచుకుని కూచోలేదు. కానీ వానల్లో ఒక్క బుట్ట కూడా చేలో కుళ్లలేదు. ఒక ట్రిప్పుకు పదిహేను, ఇరవై బుట్టలు. ఊళ్లో మండీ వ్యాను దాకా చేరిస్తే చాలు. పెట్రోలు లెక్క రాసి పెట్టాను. ఏడాది చివర అన్న వచ్చినప్పుడు పుస్తకం ముందు పెట్టాను. చూశాడు, మూశాడు, తాళం అడిగి తనే నడుపుకుంటూ పోయాడు. వచ్చి అమ్మకం ఊసెత్తలేదు. పక్కచేను ఎంతకు పోయిందని మాత్రం అడిగాడు. చెప్పాను. ఇద్దరమూ కాసేపు ఊరకే ఉన్నాం.

ఇందులో ఇబ్బందులూ ఉన్నాయి. అక్టోబరునుంచి ఫిబ్రవరిదాకా బన్నేరుఘట్ట అడవినుంచి ఏనుగుల మందలు మా రాగి చేలమీదికి వస్తాయి. గుడ్డ టాపు బండి ఆ రాత్రుళ్లలో రక్షణ కాదు. చీకటి పడితే వంక దాటను. 2025కల్లా బంకుల్లో పెట్రోలులో ఇథనాలు 20 శాతమైంది; పాత బండికి రబ్బరు గొట్టాలు గట్టిపడి చీలకుండా చూసుకోవాలని మెకానిక్కు చెబితే అన్నీ మార్పించాను. 2023లో ఆర్‌సీ అయిదేళ్లకు పొడిగించుకున్నాను, అయిదు వేల ఫీజు, పైన గ్రీన్ టాక్సు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు పది వేలు చేశారు, అంటే 2028లో నాకు అది తగులుతుంది. రెండో గేరు ఇప్పటికీ పొద్దున గరగరమంటూనే ఉంది. డ్రైవరు చెప్పినట్టు వేడెక్కితే సరిపోతుంది, అందుకని దాని జోలికి పోలేదు.

వంకమీద చిన్న కల్వర్టు వెయ్యమని మేము పెట్టుకున్న అర్జీ ఇంకా ఎక్కడో ఉంది. అది వస్తే ఈ బండితో పనేముందని మా ఇంటామె అంటుంది. వచ్చినప్పుడు చూద్దాం. ప్రస్తుతానికి ముందు కుండల దగ్గర ఆయిలు చెమ్మ కనబడుతోంది, సీళ్లు మార్చాలి. ఈ ఆదివారం హోసూరు పోతున్నాను.